మా చుక్కికి పుండు కడిగిన అక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోడికి పేరు పెట్టడమంటే అందరికీ నవ్వులాటగా ఉండేది. కోసుకు తినేదానికి పేరెందుకని మా నాయన అనేవాడు. అయినా ఒక పెట్టకు నేను పేరు పెట్టుకున్నాను. నల్లటి ఒంటి మీద తెల్లటి చుక్కలుండేవి దానికి. గుడ్డులోంచి వచ్చినప్పుడే ఒక కాలు వంకర. తల్లి వెంట పరుగెత్తలేక వెనకబడి కీచుకీచుమని అరుస్తుంటే, పరికిణీ ఒళ్ళో వేసుకొని నూకలు పెట్టి సాకాను. పెద్దదయ్యేసరికి కాలు చక్కబడింది గానీ ఒడి అలవాటు పోలేదు. నేను బడి నుంచి వచ్చి గడప మీద కూర్చుంటే చాలు, ఏ మూలనున్నా వచ్చి ఎక్కి కూర్చునేది. దాని పేరు చుక్కి.

మా ఊరు పెనుకొండకూ ధర్మవరానికీ నడుమ, బస్సు దిగి లోపలికి నడిచిపోవాల్సిన పల్లె. చుట్టూ రాళ్ళగుట్టలు, వాటి మీద ఎవరూ నాటకుండానే పెరిగిన సీతాఫలం చెట్లు, కింద వాన కరుణిస్తే పండే వేరుశనగ చేలు. ఇంట్లో నాయన, అమ్మ, నాయనను కన్న మా అవ్వ, నేను. అవ్వకు అప్పటికే కళ్ళకు పొరలు కమ్మాయి. చేతులు వణికేవి. ఎవరింట్లో ఏం జరుగుతోందో మాత్రం వసారాలో కూర్చునే చెప్పగలిగేది.

మా ఎదురింటికి ఆ ఏడు కొత్తకోడలు వచ్చింది. ధర్మవరం పిల్ల. వాళ్ళదీ ఒకప్పుడు పల్లెటూరే, కానీ చేను పోయి ధర్మవరం చేరాక వాళ్ళ నాయన పట్టుచీరలు నేసే మగ్గం పనిలో పడ్డాడట. ఆ అక్క సన్నగా, పొడుగ్గా ఉండేది. నడిస్తే అడుగు చప్పుడు వినపడేది కాదు. ఊళ్ళో అందరికీ ఆమెలో కనిపించింది మాత్రం ఒక్కటే, ముక్కు మీద కొంగు. గొర్రెల దొడ్డి పక్కనుంచి పోతే కొంగు, పేడ ఎత్తేటప్పుడు కొంగు, ఎక్కడైనా ఎలుక చచ్చి వాసన వస్తే కొంగు అడ్డం పెట్టుకొని ఆ సందులోకే రాదు. బోరింగు దగ్గర ఆడవాళ్ళు ఆమెను 'పట్టుబొమ్మ' అనేవాళ్ళు. వాళ్ళత్తను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమె అయితే అందరూ వినేట్టుగానే అనేది: "పేడకే ముక్కు మూసుకుంటాది, రేపు బిడ్డ పుడితే ఎట్ల కడుగుతాదో ఏమో!" పిల్లలం మేమూ తువ్వాలు కొసలు ముక్కుకు పెట్టుకొని ఆమెలాగా నడిచి చూపించుకొని నవ్వుకునేవాళ్ళం. ఆమె విననట్టుగా బిందె భుజానికెత్తుకొని వెళ్ళిపోయేది.

వేరుశనగ పీకే రోజుల్లో జరిగింది ఇది. చేను నుంచి తెచ్చిన చెట్లు ఇంటి ముందు వామి వేస్తే, రాలిన గింజల కోసం కోళ్ళన్నీ అక్కడే తిరిగేవి. ఒకనాడు వీధికుక్క ఒకటి వామి వెనక పొంచి ఉండి చుక్కిని పట్టేసింది. నేను కేకలు పెట్టి రాయి విసిరితే వదిలి పారిపోయింది. నేలంతా నల్ల ఈకలు. చుక్కి గోడకు ఆనుకొని నిలబడి వణికింది. తోక దగ్గర, వీపు మీద కొంచెం నెత్తురు కనిపిస్తే అవ్వ పసుపు అద్దింది. సాయంత్రానికి గింజలు తిన్నది, గూట్లోకి కూడా తనంతట తానే పోయింది. గండం గడిచిందనుకున్నాం. పైనున్న ఈకలు గాయాన్ని కప్పేశాయి. వాటి కింద ఏమవుతోందో ఎవరూ ఎత్తి చూడలేదు. అవి ముసురు రోజులు. ఈగలు ఎక్కడ చూసినా జుమ్మంటున్నాయి.

కొన్నాళ్ళకు చుక్కి ఒళ్ళోకి రావడం మానేసింది. పిలిస్తే తల తిప్పేది గానీ కదిలేది కాదు. నీళ్ళతొట్టి వెనక చీకటి మూలలో ఈకలు ఉబ్బించుకొని, కళ్ళు మూసుకొని నిలబడేది. ఒకరోజు పొద్దున్నే దగ్గరకు పోయి ఎత్తుకోబోతే గుప్పున వాసన కొట్టింది. తోక పైన అతుక్కుపోయిన ఈకలను వేలితో పక్కకు జరిపాను. పుండు కదులుతోంది. మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, కదులుతున్నది పుండు కాదు, పురుగులు. తెల్లగా, బియ్యపు నూకల్లా, ఒకదాని మీద ఒకటి.

చుక్కిని అక్కడే వదిలేసి దొడ్డి గోడ దగ్గరికి పరుగెత్తి కక్కుకున్నాను. ఆ తర్వాత దాని దగ్గరికి పోవాలంటే కాళ్ళు రాలేదు. అది నా కోడే, నేను సాకిందే, మొన్నటిదాకా నా ఒళ్ళో నిద్రపోయిందే. అయినా తలుచుకుంటే చాలు, ఒళ్ళంతా ఏదో పాకినట్టు ఉండేది. ప్రాణంగా చూసుకున్నదాన్ని చూసి అసహ్యం పుట్టడం నాకు అదే మొదలు. ఆ రెండూ ఒకే కడుపులో ఎట్లా ఉన్నాయో తెలియక నేను మరింత ఏడ్చాను.

నాయన వచ్చి చూసి నెత్తి గోక్కున్నాడు. కఠినమైన మనిషి కాదు ఆయన. చేలో కూలీలు ఎదురుచూస్తున్నారు, మబ్బు చూస్తే మళ్ళీ కమ్ముకొస్తోంది.

"ఇంగ ఇది బతకదు మ్మే. ఊరికే తన్నుకులాడతాంది. సాయంత్రం వచ్చినాక గుట్ట కాడికి తీసకపోయి పాతిపెట్టొస్తా. నువ్వు సూడొద్దులే" అన్నాడు. అమ్మ నా తల నిమిరి, సద్ది గిన్నె ఎత్తుకొని ఆయన వెంటే చేనుకు వెళ్ళిపోయింది.

వాళ్ళు పోయాక అవ్వ వసారాలోంచి పిలిచింది. "ఎద్దు పుండులో పురుగులు పడితే సీతాఫలం ఆకు నూరి పెట్టి బతికించుకుంటిమి. కోడిదేమన్నా ప్రాణం కాదా? గుట్టకు పొయ్యి ఆకు కోసకరా, నేను నూరతా. అయితే ముందు పురుగులు తియ్యల్ల. నాకు కండ్లు కానరావు, చేతులు వణుకుతాయి. నువ్వే తియ్యల్ల" అంది.

గుట్ట దగ్గరే. ఆకు కోసుకొచ్చాను. అంతవరకు చేయగలిగాను. అవ్వ రోట్లో చేత్తో తడుముకుంటూ ఆకు నూరుతోంది. నేను గడప దగ్గర నిలబడి ఆ మూల వైపు చూడలేక, అక్కడి నుంచి కదల్లేక, ఏడుస్తూ ఉండిపోయాను. అప్పుడే ఎదురింటి అక్క బోరింగు నుంచి నీళ్ళు మోసుకొస్తూ ఆగింది.

"ఏంటికేడుస్తాండావు పాపా?"

చెప్పాను. చెబుతూనే, ఈమెకు చెప్పి ఏం లాభమనుకున్నాను. అక్క బిందె దించి మా దొడ్లోకి వచ్చింది. వాసన తగిలి కొంగు ముక్కు మీదికి పోయింది. అయినా వంగి, ఈకలు పక్కకు తీసి చూసింది. ముఖం పాలిపోయింది. లేచి, బిందె ఎత్తుకొని తన ఇంట్లోకి వెళ్ళిపోయింది. అయిపోయింది, ఈమె కూడా పోయిందనుకున్నాను.

కాసేపటికి కొంగుకు బదులు ఒక గుడ్డ ముక్కుకు అడ్డంగా కట్టుకొని తిరిగి వచ్చింది. చేతిలో పాత తువ్వాలు, కత్తెర, పట్టకారు లాంటి ఒక చిన్న చిమటా ఉన్నాయి. నేసిన చీర మీద లేచే పోగుముడులను లాగేయడానికి మగ్గం దగ్గర వాడేదట ఆ చిమటా, పుట్టింటి నుంచి తెచ్చుకుంది. ఉప్పేసి నీళ్ళు కాచమంది. అవి గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, రెక్కలు కొట్టుకోకుండా చుక్కిని తువ్వాలులో చుట్టి నా ముందు పెట్టింది. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

"నువ్వు దాని తలకాయ పట్టుకో. మొగమే సూడు. ఎనక నేను సూసుకుంటా" అంది.

అది చేయగలనని అనిపించింది. రెండు చేతుల్లో చుక్కి తల పట్టుకొని దాని కళ్ళలోకే చూస్తూ కూర్చున్నాను. దాని కంటి మీదికి సన్నటి పొర వచ్చి మెల్లగా కప్పి మెల్లగా తెరుచుకునేది. వెనక కత్తెర చప్పుడు వినిపించేది. అతుక్కుపోయిన ఈకలన్నీ కత్తిరించి, ఉప్పునీళ్ళతో కొంచెం కొంచెంగా తడిపి, ఒక్కొక్క పురుగునూ చిమటాతో పట్టి వేణ్ణీళ్ళున్న డబ్బా మూతలో వేస్తోంది. తెగిన పట్టుపోగును వెతికి పట్టుకునే వేళ్ళు అవి. చుక్కికి నొప్పి తెలియకుండా మెసులుతున్నాయి. అది గింజుకోలేదు. గింజుకోకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఉన్నట్టుండి అక్క చిమటా కింద పెట్టి, గుడ్డ లాగేసుకొని గోడ దగ్గరికి పరుగెత్తింది. కక్కుకుంటున్న చప్పుడు వినిపించింది. ఇక రాదు, పుండు సగంలో ఉంది, నాయన వచ్చి పాతిపెట్టేస్తాడు. అట్లా అనుకుంటూనే ఉన్నాను. ఆమె తొట్టిలో నీళ్ళు తీసుకొని నోరు పుక్కిలించుకుంది. ముఖం కడుక్కుంది. గుడ్డ మళ్ళీ కట్టుకొని వచ్చి, ఏమీ జరగనట్టు కూర్చొని చిమటా అందుకుంది.

ఎదురింటి గుమ్మంలోంచి పెద్దమ్మ కేక వేసింది. "ఏం పనే అది? పొయ్యి మీద ఎసరు కాగుతాంటే కోడి పుండు కడుగుతాండావా?" అక్క ఇంకొక పురుగును పట్టి డబ్బా మూతలో వేసింది. తల కూడా ఎత్తలేదు.

"అక్కా, నీకు అసయ్యం గదా. మళ్ళ ఏంటికి చేస్తాండావు?" అని అడిగాను.

"అసయ్యమే పాపా. అది పొయ్యేది కాదు. వచ్చినప్పుడు పొయ్యి కక్కుకొని వస్తాండా, అంతే."

పుండును ఇంకొంచెం ఉప్పునీళ్ళతో తడిపి, నా వైపు చూడకుండానే మళ్ళీ మాట్లాడింది. వాళ్ళ నాయన పక్షవాతం వచ్చి చాలాకాలం మంచంలోనే ఉన్నాడట. కదల్లేని మనిషి కదా, వీపు మీద పుండ్లు పడ్డాయి. ఒక వానాకాలం వాటిలోనూ ఇట్లాగే పురుగులు పడ్డాయట.

"సూసేకి వచ్చిన సుట్టాలంతా వాకిట్లోనే నిలబడిరి. లోపలికి ఎవరూ రాకపాయిరి. మా నాయన పండుకొనే వాళ్ళ మాటలు ఇంటాండె. ఒక్కొక్కరి గొంతు గుర్తుపట్టి, వాడొచ్చినాడా, పిలువమ్మా అనె. నేను పోయి పిలిస్తే, ఇంగొకసారి వస్తాంలే అని పాయిరి." ఆమె గొంతు మారలేదు. "మా అమ్మా నేనే కడిగితిమి. ఆ పొద్దు నుంచి నాకు ఏ వాసన తగిలినా అదే మతికొస్తాది. కొంగు దానికే అడ్డం పెట్టుకుంటా."

నాకు అప్పుడు ఎంత అర్థమైందో ఇప్పుడు చెప్పలేను. చిన్నదాన్ని. కానీ ఆమె నడకను మేము అనుకరించి నవ్విన నవ్వు ఒక్కసారిగా నోట్లో చేదుగా అనిపించింది. చుక్కి తల ఇంకొంచెం దగ్గరకు తీసుకున్నాను. వాళ్ళ నాయన బతికాడా అని అడగాలనిపించింది గానీ అడగలేదు. ఆమె పెళ్ళికి తండ్రి లేడని ఊళ్ళో అందరికీ తెలుసు.

పైకి కనిపించేవన్నీ తీశాక, అవ్వ నూరిన ఆకుపసరు అక్క పుండులోకి పిండింది. కొంచెంసేపు ఆగితే లోపల దాక్కున్నవి పైకి వస్తాయని అవ్వ చెప్పింది. అవి వచ్చే సమయానికే అక్క మళ్ళీ గోడ దగ్గరికి పరుగెత్తింది. చుక్కి, నేను మిగిలాం. ఎక్కడినుంచో ఒక ఈగ వచ్చి వీపు మీద తిరుగుతోంది. దాన్ని తోలడానికి తల తిప్పక తప్పలేదు. తిప్పాను. చూశాను.

నేను ఊహించుకొని భయపడినంత లేదు. కడిగాక అది ఎర్రటి పుండు, అంతే. మోకాలు చెక్కుకుపోతే నాకు కనిపించే మాంసంలాంటిదే. అంచున ఒక పురుగు తల బయటికి పెట్టి ఉంది. అక్క వచ్చేలోపల అది మళ్ళీ లోపలికి పోతుందేమోనని భయం వేసింది. ఆ భయం ముందు తక్కినదంతా వెనక్కి పోయింది. చిమటా అందుకున్నాను. మొదటిసారి జారింది. ఊపిరి బిగబట్టి మళ్ళీ పట్టి లాగాను. వచ్చింది. నీళ్ళలో వేసి ఇంకొకదాని కోసం చూశాను.

అక్క తిరిగి వచ్చి చూసింది. చిమటా ఇమ్మని అడగలేదు. నా ఎదుట కూర్చొని, ఇంతసేపూ నేను పట్టుకున్నట్టే చుక్కి తలను రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఆ పక్క ఒగటుండాది సూడు" అని మాత్రం అంది. ఆ తర్వాత ఆ పని నేనే పూర్తి చేశాను.

పసుపు కలిపిన కానుగ నూనె పూసి, పలచటి గుడ్డ కప్పి, మిగతా కోళ్ళు పొడవకుండా చుక్కిని గంప కింద పెట్టాం. అక్క లేచి చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోతుంటే ఎదురింటి పెద్దమ్మ వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. ఆమె చేతిలో చెంబెడు వేడినీళ్ళు, సీకాయ పొడి ఉన్నాయి. గుమ్మంలో నిలబడి ఆమె మా మాటలు ఎంతవరకు విన్నదో నాకు తెలియదు. "చేతులు పట్టు" అంది కోడలితో. అక్క దోసిలి పడితే మెల్లగా నీళ్ళు పోస్తూ, "గోళ్ళల్లో గూడా రుద్దుకో" అంది. తర్వాత వాళ్ళిద్దరూ కలిసి రోడ్డు దాటి ఇంట్లోకి పోయారు.

సాయంత్రం నాయన పార తీసుకొని దొడ్లోకి వచ్చాడు. గంప ఎత్తి చూశాడు. తెల్లటి గుడ్డ కింద చుక్కి మెడ చాచి ఆయన్నే చూసింది. అవ్వ జరిగిందంతా చెప్పింది. ఆయన నా చేతుల వైపు చూసి, పార గోడకు ఆనించి, "సూద్దాంలే" అన్నాడు. దొడ్లో ఉంటే పిల్లి వస్తుందని గంపను తనే ఎత్తుకొచ్చి, తాను పడుకునే చోటు పక్కనే పెట్టుకున్నాడు.

ఆ తర్వాత రోజూ పొద్దున పుండు కడగడం, ఆకుపసరు పెట్టడం, నూనె పూయడం నా పని అయింది. మొదట్లో అక్క పక్కన కూర్చునేది. తర్వాత ఆమె రాకపోయినా నేనే చేసుకున్నాను. చుక్కి ముందు నీళ్ళు తాగింది. తర్వాత అక్క చేతిలోని అన్నం మెతుకులు పొడుచుకుంది. పుండు అంచులు దగ్గరకు వచ్చి, పొక్కు కట్టి, రాలి, ఆ చోట కొత్త ఈకలు వచ్చాయి. కొంచెం మేర మాత్రం రాలేదు. అక్కడ గులాబి రంగు చర్మం కనిపిస్తూనే ఉండేది. మళ్ళీ గుడ్లు పెట్టింది, పొదిగింది, పిల్లల్ని వెంటేసుకొని వామి చుట్టూ తిరిగింది. ఇప్పుడైతే మా మనవళ్ళు కోడిని అట్టపెట్టెలో పెట్టుకొని బండి మీద పశువుల ఆసుపత్రికి తీసుకుపోతారు, మందు కొట్టించుకొస్తారు. అదే మంచిది కూడా. అప్పుడు మాకు ఉన్నది ఆకు, ఉప్పునీళ్ళు, ఆ అక్క.

ఊళ్ళో నవ్వులు ఒక్కరోజులో ఆగిపోలేదు. అక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవడమూ మానలేదు. కానీ బోరింగు దగ్గర ఎవరైనా 'పట్టుబొమ్మ' అంటే పెద్దమ్మ ఊరుకునేది కాదు. "దాని సంగతి మీకేం తెలుసు, మీ బిందె సూసుకోండి" అనేది.

పెళ్ళయి నేను హిందూపురం వచ్చేశాను. పిల్లల్ని కన్నాను, అత్తగారిని చివరిదాకా మంచంలోనే చూసుకున్నాను. ఇన్నేళ్ళలో నాకు అసహ్యం పోలేదు. పోతుందని ఇప్పుడు ఎదురుచూడను కూడా. ఎవరికైనా బాగాలేదని తెలిసి చూడబోయినప్పుడు మాత్రం వాకిట్లో నిలబడి మాట్లాడి రావడం నాతో కాదు. నా కాళ్ళు లోపలికే పోతాయి.

ఈ మధ్యనే మడకశిరలో మా ఆయన అక్క, మా వదినకు షుగరు వల్ల కాలి పుండు ముదిరిందని తెలిసి వెళ్ళాను. కట్టు విప్పి ఉంది. గదిలోకి అడుగు పెట్టగానే గుప్పున వాసన కొట్టింది. వెంటనే బయటికి వచ్చి, కొళాయి దగ్గర నిలబడి, కక్కుకొని, ముఖం కడుక్కున్నాను. నేను తిరిగి గదిలోకి పోయేసరికి వదిన గోడ వైపు తిరిగి పడుకొని ఉంది.

"పోతివనుకుంటి" అంది.

"యాడికి పోతా వదినా, మొగం కడుక్కొనేకి పోయింటి" అన్నాను. మంచం పక్కకు స్టూలు లాక్కొని, ఆమె కాలు నా ఒళ్ళోకి తీసుకున్నాను.